ఎమ్ కొడితే

ఐదింటికి గడువు.
నాలుగూ పదికి తెర మీద ఎర్రపట్టీ:
"మీ బ్రౌజరు పాతది. కొత్త వెర్షన్ ఎక్కించుకుని రండి."
పామూరు రోడ్డులో నా షాపు.
బయట డిష్ వైరు మీద రెండు గోరింకలు,
లోపల బల్ల మీద హజరత్తయ్య,
ఒళ్ళో ప్లాస్టిక్ కవరు,
కవర్లో బ్యారన్ కాగితాలు,
కాగితాలక్కూడా పొగాకు ఘాటు.

"పాతదంటే ఎంత పాతది పాపా?"
"నాలుగేళ్ళు."
ఆయన నవ్వలేదు.
"నా బ్యారన్‌ది నలభై. ఇంకా ఆకు కాలుస్తానే ఉండా."

నొక్కాను.
నీలం గీత ఒకటి బయల్దేరి
ముప్పై మూడు దగ్గర
గేటు పడ్డ సింగరాయకొండ బస్సులా నిలబడిపోయింది.
మాలకొండ తలుపులు శనివారం తీస్తారని తెలుసు,
ఈ సైటు తలుపులకి ఏ వారమో ఎవరూ చెప్పరు.
హజరత్తయ్య తువ్వాలుతో మెడ తుడుచుకుని
పక్క కొట్టుకి కేకేసి రెండు టీలు చెప్పాడు.

ఊరికే ఉండలేక
పాతదాన్లో, పేరు గడిలో, ఎమ్ కొట్టాను.
జారింది కిందికి చాంతాడంత.
మాలకొండయ్య, మాలకొండమ్మ, మాల్యాద్రి,
ఇంకో మాల్యాద్రి, మస్తాన్‌బీ,
మాలకొండయ్య, మరియదాసు...
ఏడేళ్ళుగా నా వేళ్ళ కిందుగా పోయినోళ్ళంతా
రేషన్ వరసలో లాగా
ఒకరి వీపు ఒకరు ఆనుకుని.
జిల్లా గడిలో పి కొడితే ఇంకా ప్రకాశమే అంటది.
దాని తప్పేముంది,
తాత పుట్టినప్పుడు మా కందుకూరు నెల్లూరు,
నేను పుట్టేసరికి ప్రకాశం,
మా పిల్ల బడికెళ్ళేసరికి మళ్ళీ నెల్లూరు,
ఆ పైన ఇంకోసారి మారుస్తామని మాట.
ఊరు మాత్రం జానెడు జరగలేదు.
వెర్షన్లు మాకు కొత్తా?

ఆరో పేరు దగ్గర ఆగింది చూపు.
ఆ మాలకొండయ్యలో ఒక ఏ తక్కువ.
నేను మింగిన అక్షరం అది.
కరెంటు పోతా వస్తా ఉన్న ఒక మధ్యాహ్నం,
ఎనకాల పదిమంది, ఒళ్ళో ఏడుస్తా మా పిల్ల.
ఆధార్‌లో ఒకడు, పింఛన్‌లో ఇంకొకడు అయిపోయి
పలుకూరు నుంచి ఆ పెద్దాయన తొమ్మిది నెలలు తిరిగాడు.
తిరిగినన్నాళ్ళూ నా షాపు ముందునుంచే నడిచి పోయేవాడు,
చెప్పులు చేత్తో పట్టుకుని,
బాగున్నావా అమ్మాయ్ అని.
తిట్టుంటే పోయేది.
బ్రౌజరు మాత్రం నా తప్పుని చద్దన్నంలా దాచి
ఎమ్ కొట్టిన ప్రతిసారీ వడ్డించేది,
ఇది కావాలా, ఇది కావాలా అని.
తీసెయ్యడం చేతగాక కాదు.

గీత నిండింది.
కొత్తది లేస్తూనే అడిగింది,
పాత వివరాలు తెచ్చుకోమంటారా అని.
నాలుగూ నలభై ఒకటి.
"ఏందంట?" అన్నాడు హజరత్తయ్య, గ్లాసు నా వైపు జరుపుతా.
"పాతోళ్ళని లోపలికి రానియ్యాలా అంట."
"రానీ. వాళ్ళేమన్నా కూడు అడుగుతారా."

వచ్చారు అందరూ.
ఎట్లా వచ్చాడో,
ఆరో చోటునుంచి ఒకటో చోటుకి
అక్షరం తక్కువ ఆయన.

హెచ్ కొట్టాను. ఖాళీ.
నా షాపు గడప తొక్కడం ఈయన ఇదే మొదలు.
కాగితం చూసి ఒక్కో అక్షరమే కొట్టి
తెరని, ఎప్పుడూ చెయ్యని పని, ఆయన వైపు తిప్పాను.
"చూడు పెదనాయనా, సరిపోయిందా?"
ఆయనకి ఇంగ్లీషు రాదు. నాకు తెలుసు.
అయినా కళ్ళద్దాలు తీసి తుడిచి పెట్టుకుని
కర్రకి కుట్టిన ఆకుల్ని ఎంచినట్టు
గోరుతో తెర మీద ఒక్కోదాన్నీ తాకుతూ పోయాడు.
తర్వాత కాగితం మీద, మళ్ళీ మొదట్నించి.
నాలుగూ యాభై ఆరు.

"ఈడ పన్నెండు, ఆడా పన్నెండు.
కొట్టు పాపా."